సరిహద్దు తాలూకాల్లో భూమి పన్ను మినహాయింపులు: సాత్‌బారా నుంచి వారస్ నోంద్ దాకా

నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్, కిన్వట్, చంద్రపూర్ జిల్లాలో రాజురా, గడ్చిరోలి జిల్లాలో సిరొంచ. ఈ తాలూకాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తహసీల్ ఆఫీసులో మరాఠీ కాగితం పట్టుకుని నిలబడే రైతులు చాలామంది. ఆ కాగితంలో ఏముందో సగం అర్థమై, సగం ఊహించుకుని సంతకం పెట్టేవాళ్ళూ తక్కువేం కాదు. "భూమిని ఇరవై, ముప్ఫై ఏళ్ళు అమ్మకుండా ఉంచుకుని పిల్లలకు ఇవ్వాలనుకుంటున్నాం, పన్ను మాఫీ పథకం ఏదైనా ఉందా?" అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అలాంటి పేరుతో ఒక్క పథకం లేదు. ఫారం నింపితే పన్ను తగ్గిపోయే ఏర్పాటు మహారాష్ట్రలో వ్యవసాయ భూమికి అవసరం కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ శేత్‌సారా, అంటే మన భూమి శిస్తు, ఎప్పుడో వేసిన ఆకారణీ (పన్ను లెక్క) ప్రకారం చాలా తక్కువగానే వస్తుంది. దాని మీద జిల్లా పరిషత్, గ్రామ పంచాయతీ సెస్సులు కలిసినా ఎరువు బస్తా ఖర్చుతో పోల్చుకునే స్థాయిలో ఉండదు. రైతుకు అసలు డబ్బు మిగిలేది వేరేచోట. భూమి కాగితాల్లో వ్యవసాయ భూమిగానే నిలిచి ఉంటే ఆదాయపన్ను ఉండదు, ఏన్‌ఏ ఆకారణీ (వ్యవసాయేతర వాడకానికి వేసే పన్ను) ఉండదు, అమ్మినా లాభం మీద పన్ను రాకపోవచ్చు. కుటుంబంలో చేతులు మారేటప్పుడు స్టాంపు డ్యూటీ వందల రూపాయల్లోనే ముగుస్తుంది. ఇవన్నీ నిలబడేది సాత్‌బారా, అంటే 7/12 అనే భూమి రికార్డు, మీద ఉన్న నాలుగైదు గడుల మీద. అందుకే పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మొదటి పని: సాత్‌బారా తీసుకుని కూర్చుని చదవండి

మహాభూమి వెబ్‌సైట్‌లో డిజిటల్ సంతకం ఉన్న 7/12 ఉతారా (నకలు) 15 రూపాయలకు దొరుకుతుంది. దానితోపాటు 8అ ఉతారా కూడా తీసుకోండి. 7/12 ఒక్కో గట్ నంబరుకు (మన సర్వే నంబరు లాంటిది) వేరుగా ఉంటుంది. 8అ మీ ఖాతా కింద ఆ ఊళ్ళో ఉన్న భూమంతా ఒకచోట చూపిస్తుంది. తెలంగాణ వైపు పహాణీ, పాసుపుస్తకం ఎలాంటివో ఇవీ దాదాపు అలాంటివే, కానీ గడులు వేరు, ఒక్కో గడికి ఉన్న బరువూ వేరు.

పేరు ముందు చూడండి. మన ఇళ్ళలో సగం చిక్కులు ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీలో పేరు, తండ్రి పేరు, ఆ తర్వాత ఆడ్‌నావ్ (ఇంటిపేరు). తాతగారి పేరు పాత రికార్డులో ఇంటిపేరు లేకుండా ఉంటుంది, నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు చివర 'వార్' చేరుతుంది, ఆధార్‌లో మాత్రం తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. ఇన్నాళ్ళూ ఇది పెద్ద అడ్డంకి కాలేదు. 2025 ఏప్రిల్ నుంచి వ్యవసాయ పథకాలకు ఫార్మర్ ఐడీ తప్పనిసరి చేశాక ఆధార్‌లో పేరు, సాత్‌బారాలో పేరు కలవక చాలామంది ఆగిపోయారు. రాతలో జరిగిన తప్పయితే మహారాష్ట్ర జమీన్ మహసూల్ చట్టం, 1966లోని 155 సెక్షన్ కింద తహసీల్దార్‌కు దరఖాస్తు పెట్టి దిద్దించుకోవచ్చు. పాత ఫేర్‌ఫార్ (హక్కు మార్పు నమోదు) నకలు, ఆధార్, స్కూలు టీసీ జత చేయండి. 155 కింద రాతపొరపాట్లు మాత్రమే దిద్దుతారు. హక్కు ఎవరిదన్న తగువును ఆ దారిన తేల్చరు.

తర్వాత 'భోగవటాదార్ వర్గ్' (హక్కుదారు వర్గం) అన్న గడి. వర్గ్-1 అయితే భూమి మీద మీకు పూర్తి స్వేచ్ఛ. వర్గ్-2 అయితే అమ్మకానికి, బదిలీకి కలెక్టర్ అనుమతి కావాలి, కొన్నిసార్లు ప్రభుత్వానికి నజరానా అనే రుసుము కట్టాలి. నాందేడ్ వైపు నిజాం కాలం నాటి ఇనాం భూములు ఇప్పటికీ వర్గ్-2గా కనిపిస్తాయి. మరాఠ్వాడాలోని మదత్‌మాష్ (జీవనాధారంగా ఇచ్చిన) ఇనాం భూములకు నజరానాను ఈ మధ్యే బాగా తగ్గించారు. మీది ఆ కోవకు వస్తే వర్గ్ మార్పు గురించి తహసీల్‌లో అడగడానికి ఇది మంచి సమయం. పిల్లల కాలానికి వదిలేస్తే అప్పటి నజరానా ఎంతుంటుందో ఎవరికి తెలుసు?

'ఇతర్ అధికార్' (ఇతర హక్కులు) గడిని చాలామంది చూడనే చూడరు. ఎప్పుడో తీర్చేసిన సొసైటీ అప్పు బోజా (భూమి మీద అప్పు ఉన్నట్టు నమోదు), చనిపోయిన కౌలుదారు పేరు, చిన్న తుకడా (ముక్క) అన్న ముద్ర, అన్నీ అక్కడే కూర్చుని ఉంటాయి. అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం చూపించి బోజా తీయించడం సులువైన పని. బ్యాంకు మేనేజర్ మారకముందే చేయించుకోండి.

ఇక పోట్‌ఖరాబా. రాళ్ళు, వాగు, గుంతలు ఉండి సాగుకు పనికిరాదని పక్కన పెట్టిన విస్తీర్ణం ఇది. దీని మీద శిస్తు ఉండదు. ఇందులో 'అ' వర్గం, 'బ' వర్గం అని రెండు. 'బ' వర్గం దారులు, నీటి వనరుల లాంటి ప్రజావసరాలకు వదిలింది, దాన్ని కదపలేరు. 'అ' వర్గాన్ని మీరు చదును చేసి, చెరువు మట్టి తోలి సాగులోకి తెచ్చి ఉంటే, 2018లో నియమాలు మార్చాక దాన్ని సాగు భూమిగా నమోదు చేయించుకునే వీలుంది. అప్పుడు శిస్తు కొంచెం పెరుగుతుంది. "పన్ను లేని భూమికి పన్ను వేయించుకోవడం ఎందుకు" అని ఊళ్ళో అంటారు. నా లెక్క వేరు: పంట రుణం, బీమా, పంట నష్టం సాయం, భూసేకరణ జరిగితే పరిహారం, ఇవన్నీ రికార్డులో ఉన్న సాగు విస్తీర్ణం మీదే లెక్కిస్తారు. రెండెకరాల పోట్‌ఖరాబా మీద ఏటా మిగిలే శిస్తు చూసుకుంటే, ఒక్క అతివృష్టి ఏడాదిలో పోయే సాయం దానికి ఎన్నో రెట్లు.

శేత్‌సారా: చిన్న మొత్తం, పెద్ద ప్రమాదం

రెవెన్యూ సంవత్సరం ఆగస్టు 1న మొదలై జూలై 31తో ముగుస్తుంది. తలాఠీ దగ్గర, ఇప్పుడు గ్రామ మహసూల్ అధికారి అంటున్నారు, కట్టి రసీదు తీసుకోవాలి. "అడిగినప్పుడు కడదాంలే" అనుకునే మొత్తం కాబట్టే బకాయిలు పేరుకుంటాయి. ఒకప్పుడు శిస్తు బకాయి పడ్డ భూములను ప్రభుత్వం ఖాతాలో వేసుకుంది. వాటిని 'ఆకారీపడ్' భూములంటారు. ఆ కుటుంబాలు దశాబ్దాలు తిరిగాక, ఈ మధ్యే జమీన్ మహసూల్ చట్టంలోని 220 సెక్షన్ సవరించి, మార్కెట్ విలువలో 5 శాతం కట్టించుకుని మూల యజమానులకు లేదా వారసులకు తిరిగి ఇచ్చే వీలు కల్పించారు. కొద్దిపాటి శిస్తు కట్టనందుకు మనవళ్ళు లక్షల్లో 5 శాతం కట్టాల్సి వచ్చిందన్నమాట. మీ తాతల భూమి ఏదైనా ఇలా 'సర్కార్' పేరిట చేరి ఉందని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తుంటే, పాత ఫేర్‌ఫార్ రిజిస్టరు తీయించి చూడటం దండగ కాదు.

హైదరాబాద్‌లోనో నిజామాబాద్‌లోనో ఉండి ఏడాదికోసారి వచ్చేవాళ్ళు రసీదులను ఫోటో తీసి పెట్టుకోండి. రసీదు పుస్తకాల మీద నమ్మకం పెట్టుకోవద్దు.

కరువు, అతివృష్టి ఏడాదుల్లో మాఫీ

పంటలు దెబ్బతిన్న ప్రాంతంలో శిస్తు తగ్గించడానికి, వాయిదా వేయడానికి, పూర్తిగా మాఫీ చేయడానికి అదే చట్టంలోని 78 సెక్షన్ ప్రభుత్వానికి అధికారం ఇస్తుంది. కరువు ప్రకటించినప్పుడు ఇచ్చే రాయితీల్లో శిస్తు మాఫీతోపాటు సహకార రుణాల పునర్వ్యవస్థీకరణ, వ్యవసాయ పంపుల కరెంటు బిల్లులో 33.5 శాతం తగ్గింపు, పిల్లల పరీక్ష ఫీజు మాఫీ కూడా ఉంటాయి. 2025 వానాకాలంలో మరాఠ్వాడాను ముంచెత్తిన వానల తర్వాత కూడా ఇలాంటి రాయితీలు ప్రకటించారు.

ఇక్కడ రైతు ఒంటరిగా చేయగలిగింది తక్కువ, ఊరు కలిసి చేయగలిగింది ఎక్కువ. మాఫీ చాలాసార్లు ఊరి మొత్తానికి కట్టే పైసేవారీ మీద ఆధారపడుతుంది. పంట కోత ప్రయోగాలు చేసి ఊరి దిగుబడి మామూలు దిగుబడిలో ఎన్ని పైసలకు వచ్చిందో లెక్కిస్తారు. 50 పైసల లోపు వస్తే పంట దెబ్బతిన్న ఊరుగా చూస్తారు. మొదట తాత్కాలిక అంకె, తర్వాత సవరించింది, చివరికి తుది పైసేవారీ. తుది అంకె వచ్చాక గగ్గోలు పెట్టే బదులు, పంట కోత ప్రయోగం జరిగే రోజున సర్పంచ్‌ను, నలుగురు రైతులను ఆ పొలం దగ్గర నిలబెట్టండి. ఏ పొలం ఎంచుకున్నారు, ఎంత గింజ తూచారు అన్నది కళ్ళారా చూసిన ఊరికి మాట్లాడే హక్కు ఉంటుంది.

మీ వంతు పని మాత్రం ఒకటి ఉంది: ఈ-పీక్ పాహణీ. 2021 ఆగస్టు 15 నుంచి రాష్ట్రమంతా రైతే ఫోన్‌లో పంట నమోదు చేసుకునే పద్ధతి వచ్చింది. పొలంలో నిలబడి, జీపీఎస్ ఆన్ చేసి, ఫోటో తీయాలి. సిరొంచ వైపు గోదావరి, ప్రాణహిత ఒడ్డు పొలాల్లో ఫోన్‌కు అవతలి రాష్ట్రం టవర్ సిగ్నల్ అందుకుంటుంది. దానివల్ల యాప్‌కు ఇబ్బంది లేదు, లొకేషన్ సరిగా వస్తే చాలు. గడువు దాటితే ఆ సీజన్ గడి ఖాళీ. ఖాళీ గడి రెండు మూడేళ్ళు వరసగా ఉంటే భూమి పడావు పడ్డట్టు కనిపిస్తుంది. ఆ ముద్ర కింద చెప్పబోయే ఆదాయపన్ను విషయంలో కూడా మీకు ఎదురుతిరుగుతుంది.

ఆదాయపన్ను: పెద్ద మినహాయింపు ఇక్కడే

ఇది కేంద్ర చట్టం, సరిహద్దుకు ఏ వైపైనా ఒకటే. 1961 చట్టం 10(1) సెక్షన్ వ్యవసాయ ఆదాయాన్ని పూర్తిగా మినహాయించింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, మినహాయింపు కొనసాగుతోంది. ఈ కింద పాత నంబర్లే ఎక్కువమందికి అలవాటు కాబట్టి అవే వాడుతున్నాను.

వ్యవసాయ ఆదాయం అంటే పంట అమ్మకమే కాదు. సాగుకు ఇచ్చిన భూమి మీద వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే. నర్సరీలో పెంచిన మొక్కలు అమ్మితే వచ్చేదీ అంతే. పాడి, కోళ్ళు మాత్రం ఇందులోకి రావు. ఈ మధ్య సోలార్ కంపెనీలకు, ముఖ్యమంత్రి సౌర్ కృషి వాహినీ యోజన కింద భూమి లీజుకు ఇస్తున్నవాళ్ళున్నారు. హెక్టారుకు ఏడాదికి 1,25,000 రూపాయలు, ఏటా 3 శాతం పెంపు అంటే ఆశగానే ఉంటుంది. కానీ పలకల కింద సాగు జరగడం లేదు కాబట్టి ఆ అద్దె వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను లెక్కలోకి వస్తుంది. లీజు వద్దని నేను అనను. పన్ను పోయాక చేతికి ఎంతొస్తుందో లెక్క వేసుకుని సంతకం పెట్టమంటున్నాను.

ఉద్యోగం ఉండి భూమి కూడా ఉన్నవాళ్ళకు ఇంకో మెలిక. వ్యవసాయ ఆదాయం 5,000 రూపాయలు దాటి, మిగతా ఆదాయం కనీస పరిమితి దాటితే, రేటు తేల్చడానికి రెండూ కలిపి చూస్తారు. ఉదాహరణకు 2025–26లో కొత్త పన్ను విధానం కింద ఒకాయన పన్ను వేయదగ్గ జీతం 14 లక్షలు, వ్యవసాయ ఆదాయం 3 లక్షలు అనుకుందాం. 17 లక్షల మీద పన్ను 1,40,000. అందులోంచి 4 లక్షల కనీస పరిమితికి 3 లక్షలు కలిపి, ఆ 7 లక్షల మీద వచ్చే 15,000 తీసేస్తే 1,25,000. వ్యవసాయ ఆదాయమే లేకపోతే ఆయన కట్టేది 90,000. అంటే 'పన్ను లేని' మూడు లక్షలు ఆయన జీతం మీద పన్నును 35,000 పెంచాయి, సెస్సు కాకుండా. రిటర్నులో చూపించకపోతే ఏమవుతుందని అడిగేవాళ్ళకు జవాబు బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది, మార్కెట్ యార్డు డబ్బు దాన్లోనే జమ అవుతుంది కదా.

చెట్లు పెంచాలనుకునేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. టేకు, వెదురు, మామిడి, ఏదైనా సరే, మనిషి నాటి, దున్ని, నీళ్ళు పెట్టి పెంచితే అమ్మిన డబ్బు వ్యవసాయ ఆదాయం. దానంతట అదే మొలిచిన అడవి చెట్లు నరికి అమ్మితే ఆ డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు. 1957లో సుప్రీంకోర్టు రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో ఈ గీత గీసింది. నేలను సిద్ధం చేయడం, విత్తడం, నాటడం లాంటి మూల పనులు జరిగాయా అన్నదే పరీక్ష. ఈ రోజు టేకు మొక్క నాటితే కోతకు వచ్చేసరికి మీరు ఉంటారో, మీ కోడలు ఉంటుందో తెలియదు. అప్పుడు రుజువు చూపాల్సింది ఆమె. నర్సరీ బిల్లు, గుంతలు తీసిన కూలీల లెక్క, నాటిన ఏడాది ఈ-పీక్ పాహణీలో టేకు అని పడ్డ నమోదు, మూడూ ఒక ఫైల్లో పెట్టండి. భావూసాహెబ్ ఫుండ్‌కర్ ఫళ్‌బాగ్ పథకంలోనో ఉపాధి హామీలోనో నాటితే మంజూరు కాగితమే బలమైన రుజువు.

నరకడానికి మహారాష్ట్రలో 1964 నాటి చెట్ల నరికివేత చట్టం కింద టేకు లాంటి చెట్లకు అటవీ శాఖ అనుమతి, తరలింపు పర్మిటు కావాలి. వెదురుకు ఊరట ఉంది. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి వెదురును చెట్ల నిర్వచనం నుంచి తీసేశారు. అడవి బయట సొంత పొలంలో పెంచిన వెదురుకు పాత ఇబ్బందులు లేవు. పెట్టుబడి త్వరగా వెనక్కి రావాలనుకునే ఇంటికి నేనైతే గట్ల మీద వెదురే చెప్తాను.

అమ్మాల్సి వస్తే, ప్రభుత్వం తీసుకుంటే

గ్రామీణ వ్యవసాయ భూమి ఆదాయపన్ను చట్టం ప్రకారం 'మూలధన ఆస్తి' కాదు, అందుకే అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లేదు. గ్రామీణం అన్నదానికి కొలత ఉంది. పది వేలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దుల్లో ఉండకూడదు. పది వేల నుంచి లక్ష దాకా జనాభా ఉన్న ఊరి హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షల దాకా 6, ఆపైన 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్‌ల చుట్టూ 2 కిలోమీటర్ల గీత, నాందేడ్ చుట్టూ 6 కిలోమీటర్ల గీత. కొలిచేది రోడ్డు మీద కాదు, సూటిగా ఆకాశమార్గాన. మున్సిపాలిటీ హద్దు పెరిగితే ఈ గీత కూడా జరుగుతుంది. హద్దుకు దగ్గరగా ఉన్నవాళ్ళు తహసీల్ నుంచి దూరం సర్టిఫికెట్ ఇప్పుడే తీసి ఉంచుకుంటే మంచిది.

గీత లోపల ఉన్న భూమి అమ్మి, రెండేళ్ళలో వేరే వ్యవసాయ భూమి కొంటే 54బి కింద మినహాయింపు ఉంది. అమ్మేముందు రెండేళ్ళు ఆ భూమిలో మీరో మీ తల్లిదండ్రులో సాగు చేసి ఉండాలి. మళ్ళీ పీక్ పాహణీయే సాక్ష్యం.

సిరొంచ తాలూకాలో మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక భూమి పోగొట్టుకున్న కుటుంబాలకు, రోడ్లకు, కాలువలకు పోయినవాళ్ళకు: 2013 భూసేకరణ చట్టం కింద అవార్డు లేదా ఒప్పందం ద్వారా వచ్చిన పరిహారం మీద 96 సెక్షన్ ప్రకారం ఆదాయపన్ను లేదు, స్టాంపు డ్యూటీ లేదు. ఆదాయపన్ను శాఖను నడిపే కేంద్ర బోర్డు సీబీడీటీ 2016లో సర్క్యులర్ ఇచ్చి దీన్ని స్పష్టం చేసింది. మీ దగ్గరున్న కాగితం ఆ చట్టం కింద ఇచ్చిందా, మామూలు కొనుగోలు పత్రమా అన్నది చూసుకోండి. ఆలస్యానికి ఇచ్చే వడ్డీ సంగతి వేరు, దానికి పన్ను లెక్క ఉంటుంది.

పొలంలో కట్టడాలు, ఏన్‌ఏ, ఘర్‌పట్టీ

వ్యవసాయ భూమిని వేరే పనికి వాడితే ఏన్‌ఏ ఆకారణీ పడుతుంది, అదే భూమి మీద ముందు చెప్పిన ఆదాయపన్ను రక్షణ కూడా పోతుంది. కానీ ప్రతి షెడ్డూ ఏన్‌ఏ కిందికి రాదు. సాగుకు కావలసిన కొట్టం, పంపు గది, రైతు ఉండే చిన్న ఇల్లు వ్యవసాయ వాడకంలో భాగమే. సాగుకు తోడుగా రైతు చేసుకునే మగ్గం, కోళ్ళ షెడ్డు లాంటి అనుబంధ పనులకు వాడే భూమికి ఏన్‌ఏ ఆకారణీ నుంచి జమీన్ మహసూల్ చట్టం 117 సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఏన్‌ఏ నియమాలు ఈ మధ్య తరచూ మారుతున్నాయి, కట్టేముందు తహసీల్‌లో అప్పటి పరిస్థితి కనుక్కోండి. "రేపు ప్లాట్లు వేయొచ్చు, ఇప్పుడే ఏన్‌ఏ చేయించి పెట్టు" అని చెప్పే దళారి మాట భూమి ఉంచుకోవాలనుకునేవాళ్ళకు పనికిరాదు.

ఘర్‌పట్టీ (ఇంటిపన్ను) ఊళ్ళోని ఇంటికి, పొలానికి కాదు. నమునా 8 (పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు) నకలు తీసుకుని ఇల్లు మట్టిదా, పక్కాదా, విస్తీర్ణం ఎంత రాశారో చూడండి. కూలిపోయిన పెంకుటింటికి స్లాబు ఇంటి పన్ను వేసిన సందర్భాలున్నాయి. కొత్త ఆకారణీ జాబితా పంచాయతీ బోర్డు మీద పెట్టినప్పుడు అభ్యంతరం రాసివ్వాలి. మాజీ సైనికులకు, సైనికుల వితంతువులకు ఇంటిపన్ను మినహాయింపు ఉంది, గ్రామసేవక్‌ను (ఇప్పుడు గ్రామ పంచాయతీ అధికారి అంటున్నారు) అడగండి.

పిల్లలకు, భార్యకు: చేతులు మారే దారి

నిజంగా డబ్బు మిగిలేదీ, నిజంగా గొడవలు పుట్టేదీ ఇక్కడే. మన దేశంలో వారసత్వ పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. కాబట్టి ఏ దారిలో వెళ్ళాలన్నది స్టాంపు ఖర్చు, ఇంటి శాంతి చూసుకుని తేల్చుకోవాలి.

ఎవరైనా పోయాక వారసుల నమోదు, వారస్ నోంద్. దీనికి స్టాంపు డ్యూటీ లేదు. హక్కు సంక్రమించిన మూడు నెలల్లో తెలియజేయాలని జమీన్ మహసూల్ చట్టం 149 సెక్షన్ చెప్తుంది. ఈ-హక్క్ పోర్టల్‌లో గానీ తలాఠీ దగ్గర గానీ మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల జాబితాతో దరఖాస్తు పెడితే, నోటీసు వేసి 15 రోజులు అభ్యంతరాలు చూసి, మండల అధికారి (సర్కిల్ ఆఫీసర్) ఫేర్‌ఫార్ మంజూరు చేస్తాడు. ఆడపిల్లల పేర్లు వదిలేయకండి. 2005 సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. తెలంగాణలో అత్తగారిల్లు ఉందని పేరు దాచిపెడితే, రేపు ఆ ఫేర్‌ఫారే కొట్టేయిస్తారు. చెల్లెలు తనకు వాటా వద్దనుకుంటే, పేరు ఎక్కించాక ఆమె హక్కసోడ్ (హక్కు వదులుకునే) పత్రం రాసిస్తుంది. ఎప్పటి నుంచో చనిపోయినవాళ్ళ పేర్లే నడుస్తున్న సాత్‌బారాలకు 2025లో 'జీవంత్ సాత్‌బారా' అనే డ్రైవ్ పెట్టారు. ఆ ఊపులో మీ ఊళ్ళో పని పూర్తికాకపోయి ఉంటే మామూలు దారిలో ఇప్పుడైనా చేయించుకోండి.

బతికుండగా ఇవ్వాలనుకుంటే బక్షీస్ (బహుమతి) పత్రం. వ్యవసాయ భూమిని, నివాసపు ఇంటిని భార్యకో భర్తకో, కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు, చనిపోయిన కొడుకు భార్యకో ఇస్తే స్టాంపు డ్యూటీ 200 రూపాయలు. జిల్లా పరిషత్ సర్‌చార్జి మీ కేసులో పడుతుందా అన్నది పత్రం రాయించకముందే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, ఆ రోజున టెన్షన్ పడక్కర్లేదు. అన్నదమ్ములకు ఇచ్చేదానికి ఈ 200 రూపాయల లెక్క వర్తించదు. దగ్గరి బంధువుల మధ్య బహుమతికి ఆదాయపన్ను లేదు.

భార్య పేరు చేర్చడానికి ఇంకా సులువైన దారి లక్ష్మీముక్తి. భర్త దరఖాస్తుతో సాత్‌బారా మీద ఆమె పేరు సహ హక్కుదారుగా చేరుతుంది. రిజిస్ట్రీ లేదు. మన ఊళ్ళలో దీన్ని వాడుకున్నవాళ్ళు చాలా తక్కువ.

అన్నదమ్ములు పంచుకోవాలంటే అదే చట్టం 85 సెక్షన్ కింద అందరి సమ్మతితో తహసీల్దార్ ద్వారా వాటప్ (భాగపంపకం) చేయించుకోండి. ఈ వాటప్ పత్రాలకు రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేస్తూ 2025 మే నెలలో మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. ఒక్క జాగ్రత్త: 2023లో సవరించిన ప్రకారం జిరాయత్ (వర్షాధారం) 20 గుంటలు, బాగాయత్ (నీటి పారుదల) 10 గుంటలకు తగ్గిన ముక్కలు చేయకూడదు. ఎకరన్నరను నలుగురికి పంచాలంటే జిరాయత్‌లో కుదరదు. అలాంటిచోట ఒకరికి భూమి, మిగతావాళ్ళకు డబ్బు అన్న పద్ధతే నిలుస్తుంది.

మీ గట్‌లో పక్కాయన సాగు, ఆయన గట్‌లో మీ సాగు, తాతల నాటి నుంచి అలాగే నడుస్తోందా? దానికే సలోఖా యోజన. 12 ఏళ్ళకు పైగా అలా పరస్పరం సాగులో ఉంటే 1,000 రూపాయల స్టాంపు, 1,000 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజుతో మార్పిడి పత్రం చేసుకోవచ్చు. 2023 జనవరిలో రెండేళ్ళకు మొదలుపెట్టి తర్వాత పొడిగించారు. వెళ్ళేముందు గడువు ఎంతదాకా ఉందో కనుక్కోండి. పక్కవాడితో మాట కలవకపోతే మాత్రం ఇది పనిచేయదు, ఇద్దరూ కలిసే వెళ్ళాలి.

సరిహద్దు వల్ల వచ్చే అడ్డంకులు

తెలంగాణలో ఎవరైనా వ్యవసాయ భూమి కొనొచ్చు. మహారాష్ట్రలో రైతు కానివాళ్ళు అనుమతి లేకుండా కొనలేరు. నాందేడ్‌లో 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం, గడ్చిరోలి వైపు 1958 నాటి విదర్భ చట్టం నడుస్తాయి. బాసర, బోధన్ వైపు నుంచి వచ్చి కొనే బంధువులు తమ పాసుపుస్తకం, రైతు ధ్రువీకరణ ముందే సిద్ధం చేసుకోవాలి.

ఆదివాసుల భూమి కొనే ఆలోచన వద్దు. తెలంగాణలో 1/70 చట్టం ఎలాగో ఇక్కడ జమీన్ మహసూల్ చట్టం 36, 36అ సెక్షన్లు అలాగే, తెల్లకాగితం ఒప్పందానికి విలువ సున్నా. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. జివతి తాలూకాలో రెండు రాష్ట్రాలూ మావే అంటున్న 14 గ్రామాల వాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: రెండువైపులా ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన రెండువైపులా భూమి హక్కు రాదు. కొలిచి ఇచ్చిన కాగితం ఏ రాష్ట్రానిదో ఆ రికార్డునే నమ్ముకోండి.

ఎక్కడైనా మీకు వ్యతిరేకంగా ఆర్డరు వస్తే, నకలు కోసం అదే రోజు దరఖాస్తు పెట్టండి. ప్రాంత్ ఆఫీసులో (మన ఆర్డీఓ ఆఫీసు లాంటిది) అప్పీలుకు 60 రోజులే గడువు. నకలు తయారవడానికి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు, కానీ దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు ఇచ్చిన తేదీ రెండూ దాని మీద ముద్ర పడి ఉండాలి. ఆ ముద్ర చూసుకున్నాకే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.